ఆ కాలం ఎవరిది?

జార్జ్ వాషింగ్టన్ అమెరికాకు మొదటి అధ్యక్షుడు. థామస్ జెఫర్సన్ 1776లో స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, మనుషులంతా సమానంగానే పుట్టారని లోకానికి చాటినవాడు. బడి పిల్లల నుంచి గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే యువకుల దాకా ఈ రెండు ముక్కలూ బట్టీ పడతారు. పరీక్షలో మార్కు వస్తుంది. పాఠం అక్కడితో అయిపోతుంది.

ఈ ఇద్దరూ వందలాది మనుషులను ఆస్తిగా పెట్టుకున్నవాళ్లు. కొన్నారు, అమ్మారు, పారిపోతే వెతికించారు. ఈ సంగతి ఎక్కడో చదివి వచ్చిన పిల్లవాడు క్లాసులో లేచి అడిగితే ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: "ఆ కాలం అలాంటిదిరా. అప్పుడు అందరూ అంతే. ఇప్పటి కళ్లతో అప్పటి వాళ్లను చూడకూడదు."

మేము ఈ వ్యాసం రాస్తున్నది ఆ జవాబు కోసమే. అది అబద్ధం అంటున్నాం. ఆదివాసీ పిల్లలకు చదువు చెప్పేవాళ్లు ఆ మాట నోటితో అనకూడదని కూడా అంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు లెక్కలు చూడాలి.

లెక్కలు ఏం చెబుతున్నాయి

1619 ఆగస్టులో వర్జీనియా తీరంలో పాయింట్ కంఫర్ట్ దగ్గర ఒక ఓడ ఆగింది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన ఇరవై మందికి పైగా మనుషులను అక్కడ తిండి సరుకులకు మారకం వేశారు. 1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస. తండ్రి ఎవరన్నది అడగక్కర్లేదు. అంటే యజమాని బానిస స్త్రీని చెరిచి బిడ్డను కంటే, ఆ బిడ్డ కూడా అతని ఆస్తిలో చేరిపోతుంది. 1790లో మొదటి జనాభా లెక్క తీసేనాటికి ఆ దేశంలో దాదాపు 7 లక్షల మంది బానిసలున్నారు. 1860 నాటికి వాళ్లు 39 లక్షల 50 వేలు దాటారు.

ఈ దేశాన్ని ఏలింది ఎవరు? మొదటి 12 మంది అధ్యక్షుల్లో 10 మంది ఏదో ఒక కాలంలో బానిసలను సొంతం చేసుకున్నవాళ్లే. బానిసలు లేనివాళ్లు ఇద్దరే: జాన్ ఆడమ్స్, ఆయన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్. తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్‌ను, గ్రాంట్‌ను కలిపితే మొత్తం 12 మంది. అందులో 8 మంది అధ్యక్ష పదవిలో ఉండగానే యజమానులు: వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, మన్రో, జాక్సన్, టైలర్, పోక్, టేలర్. 1789 నుంచి 1850 వరకు 61 ఏళ్లు లెక్కేస్తే, దాదాపు 49 ఏళ్లు ఆ దేశపు అత్యున్నత కుర్చీలో బానిసల యజమాని కూర్చున్నాడు.

ఇది యాదృచ్ఛికం ఏమీ కాదు. 1787లో రాసిన రాజ్యాంగంలోనే దానికి ఏర్పాటుంది. ఏ రాష్ట్రానికి ఎన్ని పార్లమెంటు సీట్లో జనాభాను బట్టి లెక్కగట్టేటప్పుడు ఒక్కో బానిసను అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కించారు. ఆ మనిషికి ఓటు లేదు, కూలి లేదు, పెళ్లికి చట్టంలో విలువ లేదు. కానీ అతని తల లెక్కతో అతని యజమాని ఉన్న రాష్ట్రానికి సీట్లు పెరిగాయి. అధ్యక్షుడిని ఎన్నుకునే ఓట్లు కూడా దాని ప్రకారమే పెరిగాయి. ఆ అదనపు ఓట్లు లేకపోతే 1800 ఎన్నికల్లో జెఫర్సన్ ఓడిపోయేవాడని చాలామంది చరిత్రకారులు లెక్కలు వేసి చెప్పారు. అదే రాజ్యాంగం 1808 దాకా బానిసల దిగుమతిని ఆపడానికి వీల్లేదంది. పారిపోయినవాళ్లను వెనక్కి అప్పగించాలంది. ఇన్ని చెప్పి, బానిస అన్న మాటను మాత్రం ఎక్కడా రాయలేదు. "ఇతర వ్యక్తులు" అన్నట్టుగా తప్పించుకుంటూ రాశారు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకుందాం. బానిసత్వం ఆ కాలానికి గాలి పీల్చినంత మామూలే అయితే, దాని పేరు రాయడానికి సిగ్గెందుకు? తప్పని తెలిసినవాడే పేరు దాస్తాడు.

వాషింగ్టన్ దాచినది

వాషింగ్టన్ 11 ఏళ్ల వయసులో తండ్రి చనిపోతే 10 మంది బానిసలకు వారసుడయ్యాడు. 1799లో చనిపోయేనాటికి ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో 317 మంది ఉన్నారు. ఆయన లెక్కల పుస్తకం చాలా శుభ్రంగా ఉంటుంది. 1784లో అందులో ఒక పద్దు ఉంది: నీగ్రోల దగ్గర 9 పళ్లు తీసుకుని చెల్లించిన సొమ్ము. పళ్లు లేక కట్టుడు పళ్లతో బతికిన మనిషి ఆయన. ఆ 9 పళ్లు చివరికి ఎవరి నోటికి చేరాయో ఆ పద్దు చెప్పదు. ఎవరి నోళ్లలోంచి వచ్చాయో చెబుతుంది.

అధ్యక్షుడయ్యాక ఆయన ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. అప్పుడు రాజధాని అదే. ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్రం 1780లోనే బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం తెచ్చింది. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడు తన బానిసను అక్కడ ఆరు నెలలు ఉంచితే ఆ బానిసకు స్వేచ్ఛ వస్తుంది. దేశాధ్యక్షుడు ఏం చేశాడు? ఆరు నెలలు నిండకముందే తన ఇంటి బానిసలను ఏదో వంకతో రాష్ట్రం సరిహద్దు దాటించి మళ్లీ తెచ్చుకున్నాడు. గడువు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అసలు కారణం అటు బానిసలకూ ఇటు జనానికీ తెలియకుండా చూడమని 1791లో తన కార్యదర్శికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. 1793లో పారిపోయిన బానిసలను పట్టుకునే చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.

ఆ ఇంట్లో ఓనా జడ్జ్ అనే యువతి ఉండేది. వాషింగ్టన్ భార్య మార్తాకు బట్టలు కుట్టడం, అలంకరణ చేయడం ఆమె పని. మార్తా తన మనవరాలి పెళ్లికి ఓనాను కానుకగా ఇవ్వబోతోందని తెలిసింది. 1796 మే 21న ఇంట్లోవాళ్లు భోజనాల దగ్గరుండగా ఓనా ఇల్లు విడిచి వెళ్లిపోయింది. ఊళ్లోని స్వేచ్ఛాజీవులైన నల్లవాళ్లు ఆమెకు సాయపడ్డారు. ఓడ ఎక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది.

ఆమెను పట్టిస్తే 10 డాలర్లిస్తామని పత్రికలో ప్రకటన పడింది. ఆచూకీ తెలిశాక అధ్యక్షుడు తన ఆర్థిక మంత్రికి చెప్పాడు. మంత్రి పోర్ట్స్‌మత్ కస్టమ్స్ అధికారికి చెప్పాడు. ఒక కుట్టుపని అమ్మాయి కోసం ఇంత ప్రభుత్వ యంత్రాంగం కదిలింది. అధికారి ఆమెతో మాట్లాడాడు. మీరిద్దరూ పోయాక నన్ను విడిచిపెడతామని మాటిస్తే వస్తానని ఆమె కబురు చేసింది. వాషింగ్టన్ ఒప్పుకోలేదు. అలా చేస్తే పారిపోయినదానికి బహుమతి ఇచ్చినట్టవుతుందనీ, నమ్మకంగా ఉన్న మిగతావాళ్ల మనసు చెడుతుందనీ రాశాడు. 1799లో బంధువు ఒకతను ఆమెను పట్టుకురావడానికి వెళ్లాడు. ఆమె అప్పటికే పెళ్లయి బిడ్డతల్లి. ముందే తెలిసి తప్పించుకుంది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు బీదతనంలోనే బతికి 1848లో చనిపోయింది. ముసలితనంలో పత్రికవాళ్లు అడిగారు: అధ్యక్షుడి ఇంట్లో సుఖంగా ఉండేదానివి, బయటికొచ్చి ఇంత కష్టపడ్డావు, బాధగా లేదా? లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అని ఆమె చెప్పింది.

వాషింగ్టన్ వీలునామాలో తన బానిసలను విడిచిపెట్టాడు కదా అని కొందరు అంటారు. నిజమే. ఆయన సొంత హక్కున్న 123 మందిని, అది కూడా భార్య చనిపోయాక విడిచిపెట్టమన్నాడు. మార్తా ముందుగానే 1801 జనవరి 1న వాళ్లను విడిచింది. ఆమె తరఫు నుంచి వచ్చిన 153 మందికి ఆ భాగ్యం లేదు. వాళ్లు మనవలకు పంపకమైపోయారు. చట్టం ప్రకారం ఓనా కూడా ఆ లెక్కలోదే. వీలునామా రాయించిన మనస్సాక్షిని మేము కాదనడం లేదు. బతికున్నన్నాళ్లూ ఆ మనస్సాక్షి ఎవరి చాకిరీ మీద భోంచేసిందో అడుగుతున్నాం.

జెఫర్సన్ పిల్లలు

జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులకు యజమాని. మాంటిసెల్లో అనే కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అక్కడ మేకుల కార్ఖానా పెట్టి 10 నుంచి 16 ఏళ్ల బానిస పిల్లలతో మేకులు కొట్టించాడు. నల్లవాళ్లకు తెల్లవాళ్లంత బుద్ధి ఉండదేమోనన్న అనుమానాన్ని తన పుస్తకంలో శాస్త్రం మాటలా రాశాడు. 1791లో బెంజమిన్ బన్నేకర్ అనే నల్లజాతి ఖగోళ గణకుడు తాను స్వయంగా లెక్కగట్టిన పంచాంగాన్ని ఉత్తరంతో సహా ఆయనకు పంపాడు. సమానత్వం గురించి నువ్వు రాసిన మాటలు ఏమయ్యాయని ఆ ఉత్తరంలో నిలదీశాడు. జెఫర్సన్ మర్యాదగా జవాబిచ్చాడు. యజమానిగానే మిగిలాడు.

ఆయన ఇంట్లో సాలీ హెమింగ్స్ ఉంది. ఆమె తండ్రీ, జెఫర్సన్ భార్య తండ్రీ ఒక్కడే. అంటే భార్యకు మారుచెల్లెలు, ఇంటికి బానిస. 1787లో జెఫర్సన్ కూతురికి తోడుగా పారిస్ వెళ్లేనాటికి సాలీకి 14 ఏళ్లు. జెఫర్సన్‌కు 44. ఫ్రాన్సులో ఉండిపోతే ఆమె స్వేచ్ఛ అడగవచ్చు. తనకు పుట్టబోయే పిల్లలను 21 ఏళ్లు నిండగానే విడిచిపెడతానని మాట తీసుకున్నాకే ఆమె వెనక్కి వచ్చిందని ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒక పత్రికకు చెప్పాడు. తమ తండ్రి జెఫర్సనే అని కూడా చెప్పాడు.

ఆ మాటను ఎవరు నమ్మారు? జెఫర్సన్ వారసులు కాదన్నారు. పెద్ద పెద్ద చరిత్రకారులు వంద ఏళ్లకు పైగా కొట్టిపారేశారు. బానిస కొడుకు నోటిమాట చరిత్రకు ఆధారం ఎలా అవుతుందన్నారు. 1998లో డీఎన్ఏ పరీక్ష జరిగాక, ఇప్పుడు మాంటిసెల్లోను నడిపే సంస్థే సాలీ పిల్లలకు తండ్రి జెఫర్సనే అని ఒప్పుకుంటోంది.

యువ మిత్రులారా, ఈ ముక్కను మాత్రం గుర్తుపెట్టుకోండి. మన అవ్వలు, తాతలు చెప్పిన మాటలను "కాగితం ఏదీ?" అని పక్కన పెట్టేవాళ్లను మనం రోజూ చూస్తున్నాం. హెమింగ్స్ కుటుంబం ఆ మాటను తరం నుంచి తరానికి దాచుకుంది. కాగితాలన్నీ యజమాని దగ్గరున్నాయి. నిజం బానిసల నోట ఉంది.

1826 జులై 4న జెఫర్సన్ చనిపోయాడు. ఆయన అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో మాంటిసెల్లో బానిసలను వేలం వేశారు. 130 మందిని పాటకు పెట్టారు. సమానత్వం రాసిన చేతికి ఉన్న అప్పును ఆ 130 మంది తమ శరీరాలతో తీర్చారు.

అదే కాలంలో ఇంకెవరున్నారు?

ఇప్పుడు ఆ జవాబు దగ్గరకు వద్దాం. "ఆ కాలంలో అందరూ అంతే."

1688లోనే పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో కొందరు క్వేకర్లు బానిసత్వం తప్పని రాతపూర్వకంగా నిరసన తెలిపారు. వాషింగ్టన్ అప్పటికి పుట్టలేదు. 1777లో వెర్మాంట్ తన రాజ్యాంగంలోనే పెద్దల బానిసత్వాన్ని నిషేధించింది. 1781లో మసాచుసెట్స్‌లో ఎలిజబెత్ ఫ్రీమన్ అనే బానిస స్త్రీ, మనుషులంతా స్వేచ్ఛగా పుట్టారని కొత్త రాజ్యాంగం అంటోంది కదా, మరి నేను మనిషిని కానా అని కోర్టుకెక్కింది. గెలిచింది. ఆమెకు చదవడం రాయడం రాదు. ఆ వాక్యం అర్థం మాత్రం అది రాసినవాళ్లకంటే బాగా తెలిసింది.

వాషింగ్టన్, జెఫర్సన్‌ల సొంత రాష్ట్రం వర్జీనియాలో రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి ఉండేవాడు. 1791లో ఆయన 450 మందికి పైగా బానిసలను క్రమంగా విడిచిపెట్టడానికి దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాడు. అదే రాష్ట్రం, అదే కాలం, అదే వర్గం. ఆయన పేరు ఏ పాఠంలోనూ లేదు. ఆయన పేరు చెబితే పక్కవాళ్లు నగ్నంగా నిలబడాల్సి వస్తుంది.

ఎడ్వర్డ్ కోల్స్ కూడా వర్జీనియావాడే. అధ్యక్షుడు మాడిసన్ దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. 1814లో జెఫర్సన్‌కు ఉత్తరం రాశాడు: బానిసల విడుదలకు మీరు ముందు నడవండి, మీ మాటకు బలం ఉంది అని. నాకు వయసైపోయింది, ఇది యువకులు చేయాల్సిన పని అని జెఫర్సన్ జవాబిచ్చాడు. పైగా, నీ బానిసలను వదిలి రాష్ట్రం విడిచి పోవద్దని సలహా ఇచ్చాడు. కోల్స్ ఆ సలహా వినలేదు. 1819లో తన బానిసలను తీసుకుని ఇల్లినాయ్ వెళ్తూ ఓహియో నది మీద పడవలోనే వాళ్లకు స్వేచ్ఛ ప్రకటించాడు. కుటుంబాలకు భూమి ఇచ్చాడు. తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నరై, అక్కడ బానిసత్వాన్ని తేవాలన్న ప్రయత్నాన్ని ఓడించడంలో ముందున్నాడు.

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా తెల్లవాళ్ల సంగతి. అసలు సాక్షులు వేరే ఉన్నారు. వాషింగ్టన్ బానిస హ్యారీ 1776లో పారిపోయి బ్రిటిష్ సేనలో చేరాడు. తర్వాత నోవా స్కోషియాకూ, అక్కడి నుంచి 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కూ చేరాడు. వంటవాడు హెర్క్యులిస్ 1797 ఫిబ్రవరి 22న, సరిగ్గా వాషింగ్టన్ పుట్టినరోజున, మౌంట్ వెర్నన్ నుంచి వెళ్లిపోయాడు. 1800లో గేబ్రియల్ అనే కమ్మరి రిచ్‌మండ్ దగ్గర తిరుగుబాటుకు సిద్ధం చేశాడు. అప్పుడు వర్జీనియా గవర్నరు, తర్వాత అధ్యక్షుడైన జేమ్స్ మన్రో. గేబ్రియల్‌తో సహా 26 మందిని ఉరితీశారు. 1791లో మొదలైన హైటీ బానిసల పోరాటం 1804లో ఒక స్వతంత్ర దేశాన్నే నిలబెట్టింది.

వీళ్లు ఆ కాలంవాళ్లు కారా? "అందరూ" అన్న మాటలో ఆ 7 లక్షల మందిని ఎందుకు లెక్కపెట్టరు? బానిసత్వం న్యాయమేనని వాళ్లు అనుకున్నారా? అలా అనుకుంటే కొరడాలెందుకు, కుక్కలెందుకు, పత్రికా ప్రకటనలెందుకు? "ఆ కాలం అలాంటిది" అనేవాడు యజమానులను మాత్రమే మనుషులుగా లెక్కేసి ఆ మాట అంటున్నాడు. రాజ్యాంగం అయిదింట మూడు వంతులైనా లెక్కేసింది. ఈ మాట అనేవాడు అదీ లెక్కేయడం లేదు.

భూమి, అప్పు, పత్తి

ఆదివాసులుగా మనం ఈ చరిత్రను దగ్గరగా చదవాల్సిన కారణం ఇంకొకటి ఉంది. బానిసలను పెట్టుకున్న చేతులే అక్కడి మూలవాసుల భూమినీ లాక్కున్నాయి. ఆ రెండూ ఒకే పని.

1779లో వాషింగ్టన్ సేనాధిపతిగా ఉండి ఇరోక్వాయ్ ప్రజల మీదికి సైన్యాన్ని పంపాడు. ఆ సైన్యం 40కి పైగా ఊళ్లను, పంటలను, పండ్ల తోటలను తగలబెట్టింది. ఊళ్లను నాశనం చేసేవాడు అన్న అర్థం వచ్చే పేరుతోనే ఆ ప్రజలు ఆయన్ని పిలిచారు.

1803 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జెఫర్సన్, ఇండియానా ప్రాంత గవర్నరు విలియం హెన్రీ హారిసన్‌కు ఒక ఆంతరంగిక ఉత్తరం రాశాడు. అందులోని ఉపాయం ఇది: ప్రభుత్వ వ్యాపార కేంద్రాలను పెంచుదాం. అక్కడి మూలవాసుల్లో పలుకుబడి ఉన్న పెద్దలు వాటిలో అప్పులు పడేలా చూద్దాం. అప్పు తీర్చలేని స్థితి వచ్చాక వాళ్లే భూమి వదులుకుంటారు.

ఈ ఉపాయం మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఉప్పు, బట్ట, సారా అరువిచ్చి, ఖాతాలో వేలిముద్ర వేయించుకుని, చివరికి పొలం రాయించుకున్న షావుకారిని ఏజెన్సీలో ఎరగని గూడెం ఉందా? దాన్ని ఆపడానికే కదా 1917 చట్టం వచ్చింది, 1970లో 1/70 వచ్చింది. మనకు ఆ పని చేసినవాడు సంతలో దుకాణం పెట్టుకున్న వ్యాపారి. అక్కడ ఆ పని దేశాధ్యక్షుడు ప్రభుత్వ విధానంగా చేశాడు. ఆ ఉత్తరం అందుకున్న హారిసన్ 1809 ఫోర్ట్ వేన్ ఒప్పందంతో సుమారు 30 లక్షల ఎకరాలు లాగాడు. తర్వాత ఆయన కూడా అధ్యక్షుడయ్యాడు.

ఆండ్రూ జాక్సన్ దగ్గర ఈ రెండు పనులూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. 1804లో పారిపోయిన తన బానిస కోసం ఇచ్చిన ప్రకటనలో, పట్టిస్తే 50 డాలర్లు, అతనికి వేసే ప్రతి 100 కొరడా దెబ్బలకూ మరో 10 డాలర్లు, 300 దెబ్బల వరకు ఇస్తానన్నాడు. చనిపోయేనాటికి ఆయనకు సుమారు 150 మంది బానిసలు. అధ్యక్షుడిగా 1830 మే 28న మూలవాసులను మిసిసిపీ నదికి పడమరకు తరలించే చట్టం మీద సంతకం పెట్టాడు. చెరోకీలు ఆయుధాలు పట్టకుండా కోర్టుకు వెళ్లారు. వాళ్ల నేల మీద జార్జియా రాష్ట్రపు చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు అమలు కాలేదు. 1838-39లో సుమారు 16 వేల మంది చెరోకీలను సైన్యంతో తరిమారు. దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4 వేల మంది చనిపోయారు. కన్నీటి దారి అని దాన్నే అంటారు.

ఖాళీ చేయించిన ఆ నేలలో ఏం వేశారు? పత్తి. పత్తి తీయడానికి ఎవరిని తెచ్చారు? వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి బానిసలను సంకెళ్లతో నడిపించి తెచ్చి అమ్మారు. అంతర్యుద్ధం దాకా అలా దక్షిణానికి తరలించిన బానిసలు సుమారు 10 లక్షలని చరిత్రకారులు అంచనా వేశారు. ఒక జాతిని పడమరకు తోలారు, ఇంకొక జాతిని దక్షిణానికి తోలారు, మధ్యలో పత్తి పండింది. జేమ్స్ పోక్ అధ్యక్ష పదవిలో ఉండగా, పిల్లలతో సహా బానిసలను మిసిసిపీలోని తన పత్తి తోటకు రహస్యంగా కొన్నాడు. మళ్లీ రహస్యమే.

మనవాళ్లు కూడా

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పాలి. చెప్పకపోతే మేము కూడా ఆ పాఠాలు రాసినవాళ్లలాగే అవుతాం.

చెరోకీల్లో కొందరు సంపన్నులు కూడా నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్నారు. 1835 లెక్కల్లో చెరోకీల దగ్గర సుమారు 1,600 మంది బానిసలున్నారు. కన్నీటి దారిలో వాళ్లూ నడిచారు, యజమానుల సామాను మోస్తూ. 1842లో పడమటి చెరోకీ దేశంలో బానిసలు తిరగబడి మెక్సికో వైపు పారిపోతే చెరోకీ సాయుధులే వెంటాడి పట్టుకున్నారు. 1866 ఒప్పందం ఆ నల్లవాళ్లకూ వాళ్ల సంతానానికీ చెరోకీ పౌరహక్కులు ఇచ్చింది. ఆ హక్కులను తీసేయాలని తర్వాత చాలా ప్రయత్నాలు జరిగాయి. 2017లో కోర్టు తీర్పుతో గానీ ఆ గొడవ ఒక కొలిక్కి రాలేదు.

దెబ్బ తిన్నవాడు ఇంకొకడిని కొట్టకుండా ఉంటాడన్న హామీ ఏమీ లేదు. మన గూడేల్లో కూడా పైవాళ్ల తరఫున మనవాళ్లనే వెట్టికి తోలిన పెద్దలు లేరా? వాళ్ల విషయంలోనూ "ఆ కాలం అలాంటిది" అని మేము అనబోం. ఒకరికి వర్తించని సాకు ఇంకొకరికీ వర్తించదు.

టీచర్లతో ఒక మాట

ఈ దూరదేశపు పాత సంగతులు మన పిల్లలకెందుకు అని కొందరు అడగవచ్చు. 1873లో మహాత్మా జోతిరావు ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని, నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. పుణెలో కూర్చుని శూద్రాతిశూద్రుల బతుకు గురించి రాస్తూ ఆయన ఆ సముద్రం దాకా చూశాడు. ఆయన అంకితం ఇచ్చింది విడిపించినవాళ్లకు. ఏ అధ్యక్షుడి పేరుకూ కాదు.

ఈ సాకు మన గడపలోకి కూడా వస్తుంది. గూడెం కొండల్లో రోడ్డు పనులకు సరైన కూలి లేకుండా మనవాళ్లను తోలి, కొరడాతో కొట్టించిన కాలాన్ని "అప్పటి పద్ధతి" అని రాసేవాళ్లున్నారు. ఆ పద్ధతి మీద 1922లో తిరగబడినవాళ్లు కూడా ఆ కాలంవాళ్లే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. దాన్ని కూడా ఒకనాడు ఎవరో ఆచారమే అన్నారు. రేపు మన భూములు ఇంకేదో ప్రాజెక్టుకు పోతే, యాభై ఏళ్ల తర్వాత ఎవరో ఇదే మాట అంటారు. ఇవాళ మనం అడ్డం నిలబడిన సంగతి రాసిపెట్టకపోతే ఆ మాటే పాఠం అవుతుంది.

దక్షిణ డకోటాలో బ్లాక్ హిల్స్ అనే కొండలున్నాయి. లకోటా ప్రజలకు అవి పవిత్రం. 1868 ఒప్పందంలో అవి వాళ్లవేనని ప్రభుత్వం రాసిచ్చింది. బంగారం కనబడగానే 1877లో లాక్కుంది. 1927 నుంచి 1941 దాకా ఆ కొండను తొలిచి నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కారు. మొదటి రెండు ముఖాలు వాషింగ్టన్, జెఫర్సన్‌లవి. 1980లో సుప్రీంకోర్టు ఆ స్వాధీనం అన్యాయమని ఒప్పుకుని 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. లకోటాలు బీదవాళ్లు. అయినా ఆ డబ్బు ముట్టలేదు. కొండలు అమ్మకానికి లేవన్నారు. వాళ్లు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు.

అందుకే టీచర్లను కోరుతున్నాం. వాషింగ్టన్ పేరు బోర్డు మీద రాసిన రోజున పక్కనే ఓనా జడ్జ్ పేరు, 1796 అని రాయండి. జెఫర్సన్ పేరు పక్కన మాడిసన్ హెమింగ్స్ పేరు, 1873 అని రాయండి. కింద రాబర్ట్ కార్టర్, ఎడ్వర్డ్ కోల్స్ పేర్లు రాయండి. జాక్సన్ పేరు పక్కన చెరోకీలు నడిచిన దారిని మ్యాపు మీద గీయించండి. స్వాతంత్ర్య ప్రకటనను తీసేయమని మేము అనడం లేదు. అందులోని మాటను ఎలిజబెత్ ఫ్రీమన్ ఎలా వాడుకుందో చెప్పమంటున్నాం.

పిల్లలు ప్రశ్నలు వేస్తారు. సిలబస్‌లో లేనివి అడుగుతారు. అప్పుడు "ఆ కాలం అలాంటిది" అని కూర్చోబెట్టకండి. ఆ కాలంలో ఎవరెవరు ఉన్నారో వాళ్లతోనే లెక్క తీయించండి.